నల్ల కూజా తాళంచెవి

కూతురి ఇల్లు, మూడో అంతస్తు
సోమవారం

ఒసేయ్ చిన్నదానా,

ఏ కూజాలో పెట్టావు? ముందు అది చెప్పు. క్షేమ సమాచారాలు తర్వాత.

నిన్న మన హోటల్లో లిఫ్టు నడిపే పొట్టాయన ఏదో పని మీద ఈ ఊరొచ్చి నన్ను చూసిపోయాడు. తుంటి ఎముక అతుక్కుందా అని ఒక్క మాట అడిగి, ఆ తర్వాత గంటసేపు నీ భజన చేశాడు. లోపలికి అడుగుపెట్టినవాళ్లు పెట్టినట్టే హాలు మధ్య గుండ్రబల్ల ముందు ఆగిపోతున్నారట. ఒకాయన గది తాళం తీసుకోవడం కూడా మర్చిపోయి నీ పూలు చూస్తూ నిలబడ్డాడట. "పెద్దమ్మా, నీ తోడికోడలి చేతిలో ఏదో ఉంది" అన్నాడు. ఏముంది? నేనిచ్చిన కత్తెర ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట నా మరిదిని కట్టుకుని వచ్చినప్పుడు పువ్వుని తల పట్టుకుని లేపేదానివి. చెయ్యి పట్టుకుని ఆ హోటల్‌కి తీసుకెళ్లింది నేను. కాడని నీళ్లలో ముంచి ఏటవాలుగా కొయ్యాలని చెప్పింది నేను. ఖాళీ కూజానే మోసుకెళ్లి బల్ల మీద పెట్టాక నీళ్లు పొయ్యాలనీ, నిండు కూజాతో ఒక్క అడుగు కూడా వెయ్యకూడదనీ నెత్తి మీద మొట్టి నేర్పింది నేను. ఆ మొట్టికాయలకి మెచ్చుకోళ్లు నీకు వస్తున్నాయన్నమాట.

నేనిక్కడ మంచం మీద ఎందుకు పడి ఉన్నాను? నువ్వు హాలు నేల తడిగా వదిలేస్తే కాలు జారి. ఆ మాట మేనేజరుకి చెప్పాను, నీకూ చెప్తున్నాను, అడిగినవాళ్లందరికీ చెప్తాను. మూడు నెలలు నా చోట నిలబడమన్నానే గానీ పాతుకుపొమ్మనలేదు.

పట్టపురాణి జోలికి మాత్రం రాకు. ఆ నల్ల కూజా బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి నా నడుముకి ఉంది. దానికి నా చెయ్యి ఒక్కటే తెలుసు. బయట ఇత్తడి బానపొట్ట ఉంది, గాజు పంతులమ్మ ఉంది. వాటితో సరిపెట్టుకో.

ఈ ఉత్తరం రాస్తున్నది కింద మెట్ల దగ్గర మిషను పెట్టుకున్న దర్జీ. నీలాగా నేను నాలుగు తరగతులు వెలగబెట్టలేదు కదా! చెప్పింది చెప్పినట్టు రాసి, మళ్లీ చదివి వినిపించాలని షరతు పెట్టాను. "ఒసేయ్" తీసేసి "ప్రియమైన" అని రాయబోయాడు. కొట్టేయించాను.

ఫోను చెయ్యకు. హోటల్ ఫోను మేనేజరు బల్ల మీద ఉంటుంది. ఆయన ముందు నిలబడి "అలాగే అక్కయ్యా" అనడం తప్ప ఒక్క నిజం చెప్పవు నువ్వు.

అక్కయ్య


హోటల్, మెట్ల కింది పూలగది
శుక్రవారం

అక్కయ్యకి నమస్కారాలు.

మాత్రలు వేళకి వేసుకుంటున్నావా? అమ్మాయి మీద ఎక్కువ కేకలెయ్యకు, ఉద్యోగానికి వెళ్లొచ్చే పిల్ల.

ఏ కూజాలో అని అడిగావు. ఏ కూజాలోనూ కాదు. వంటగదిలో పాలు పోసుకునే అల్యూమినియం క్యాను ఒకటి మూత పోయి మూల పడి ఉంటే చింతపండుతో తోమి తెచ్చాను. ఒంటినిండా సొట్టలే. పసుపు బంతులూ, పేరు తెలియని ఆ ఊదారంగు గడ్డిపూలూ వేశాను. ఆ సొట్టల్లో పూల రంగు పడి మెరుస్తోంది. నేను చేసిందేమీ లేదు. గది తాళం మర్చిపోయిన ఆయనకి అసలే మతిమరుపనుకుంటా, మర్నాడు గొడుగు కూడా వదిలేసి వెళ్లాడు.

నేల సంగతి. నువ్వు పడ్డ రోజు పొద్దున్న నేను పొడిగుడ్డ పెట్టి తుడిచినట్టే గుర్తు. నువ్వు తడిగా ఉందన్నావు కాబట్టి ఎదురు చెప్పలేదు. మేనేజరు గారు నన్నింకా తాత్కాలికంగానే ఉంచారు. "అంత నిర్లక్ష్యం చేసిన మనిషిని ఈ బల్లకి ఎలా పక్కా చెయ్యను?" అన్నారు. తల ఊపి వచ్చేశాను.

ఇక్కడ రంగులు వేయిస్తున్నారు. హాలయిపోయింది, ఇప్పుడు మన పూలగది. బల్లలూ బీరువాలూ జరిపి గోడలు గీకుతున్నారు. ఎటు చూసినా దుమ్మే.

నీ చిన్నది


కూతురి ఇల్లు, మూడో అంతస్తు
బుధవారం

ఒసేయ్,

పాల క్యానా! పాలరాతి బల్ల మీద సొట్టల క్యాను! ఆ బల్ల మీద ముప్ఫై ఏళ్లు నేనేం పెట్టాను, నువ్వేం పెడుతున్నావు! దర్జీ ఈ మాట చదివి వినిపిస్తూ నవ్వాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వకు, మింగుతావు అన్నాను.

విను. ముందు పైకప్పు ఎత్తు చూడాలి. తర్వాత బల్ల వెడల్పు. తర్వాత మనుషులు ఏ గుమ్మంలోంచి వస్తారో ఆ గుమ్మంలో నిలబడి చూడాలి. అప్పుడు కూజా. అన్నిటికన్నా ఆఖరున పువ్వు. నువ్వెప్పుడూ పువ్వుని ముందు చేతిలోకి తీసుకుని, దానికేసి వెర్రిచూపులు చూసి, "దీన్ని ఎందులో పెడదాం అక్కయ్యా" అనేదానివి. చంటిపిల్లకి చొక్కా వెతికినట్టు. అలా చెయ్యకూడదని ముప్ఫై ఏళ్లు చెప్పాను. ఇప్పుడు అలాగే చేసి మెప్పు కొట్టేస్తున్నావు. నా కడుపు మండదా?

మండుతోంది. రాయవయ్యా, మండుతోందని రాయి. దాచుకోవడం నాకు చేతకాదు. పొద్దున్నే కళ్లు తెరవగానే ఆ క్యాను కనిపిస్తోంది. ఇక్కడ అమ్మాయి నా మనసు బాగుండాలని నాలుగు పూలు తెచ్చి ప్లాస్టిక్ సీసాలో పెట్టింది. చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను.

బీరువా జరిపారా? ఎవరు జరిపారు? ఎత్తి జరిపారా, ఈడ్చారా? లోపల పట్టపురాణి ఉంది, జాగ్రత్త అని వాళ్లకి చెప్పావా? దీనికి జవాబు రాయి. మిగతావాటికి రాయకపోయినా పర్వాలేదు.

ఊతకర్ర పట్టుకుని వరండా చివరిదాకా వెళ్లొస్తున్నాను. ఇంకో నెలలో వచ్చేస్తాను. మేనేజరుతో చెప్పు.

అక్కయ్య


హోటల్, పూలగది
మంగళవారం

అక్కయ్యకి,

బీరువా మెల్లిగానే జరిపారు. నేను పక్కనే నిలబడ్డాను. మళ్లీ గోడకి ఆనించి పెట్టించాను. తాళం వేసినట్టే ఉంది.

ఒక ముఖ్యమైన సంగతి. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున కొత్త రంగుల హాలు చూడటానికి యజమానురాలు గారు వస్తున్నారు. గుండ్రబల్ల మీద నల్ల కూజా ఉండాలనీ, అందులో తెల్ల లిల్లీలు ఉండాలనీ ఆవిడే చెప్పి పంపారు. మూడడుగుల కాడలు తెప్పిస్తున్నారు. ఆ రోజు బల్ల చూసి, ఇకమీదట ఆ బల్ల ఎవరిదో తేలుస్తారట. నీదో, నాదో, లేక బయట పూలకొట్టువాళ్లదో. మేనేజరు గారు నా ముందే "పాత తప్పు ఒకటి ఉండనే ఉంది, ఈసారి ఏం జరిగినా నిన్ను కాపాడలేను" అన్నారు. నాకీ పని పోతే నేను వెళ్లే చోటు ఇంకొకటి లేదని నీకు తెలుసు.

బీరువా తాళంచెవి పంపుతావా? లేదంటే ఆ కూజా గురించి నాతో చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పు. ఏదైనా సరే. నేనేమీ అనుకోను.

నీ చిన్నది


కూతురి ఇల్లు, మూడో అంతస్తు
సోమవారం

చిన్నదానా,

తాళంచెవి పంపను.

చెప్పాల్సింది ఏముంటుంది? అది నా కూజా. హోటల్‌వాళ్లు కొన్నా, కుమ్మరి చేసినా, దాని మెడ పట్టుకుని ముప్ఫై ఏళ్లు కడిగింది నేను. నేను లేనప్పుడు నా చీర ఎవరైనా కట్టుకుంటే నాకెలా ఉంటుంది? యజమానురాలికి చెప్పు, పెద్దావిడ రాకుండా పట్టపురాణి బయటికి రాదని. ఆవిడకి నా సంగతి తెలుసు.

లిల్లీలు ఇత్తడి బానపొట్టలో పెట్టు. పంతులమ్మ పనికిరాదు, గాజు తేలిక, మూతి సన్నం, అయిదు కాడలకే ఊపిరాడదు. బానపొట్టకి మూతి వెడల్పు, పొట్ట నిండా నీళ్లు పడతాయి. కాడలు కొయ్యకు. మూడడుగులు మూడడుగులుగానే నిలబెట్టు. పొడుగ్గా ఉంటేనే ఆ పైకప్పుకి తగ్గట్టుంటాయి. అద్దంలా తోమి, బల్ల మధ్యన పెట్టి, నీళ్లు పోసి, పూలు నిలబెట్టు. అంతే. అడిగావు కాబట్టి చెప్పాను. నా మాట విన్నదానివి ఎప్పుడూ చెడలేదు కదా!

దర్జీ "ఇంతేనా, ఇంకేమైనా ఉందా" అని రెండుసార్లు అడిగాడు. ఇంతే.

అక్కయ్య


కూతురి ఇల్లు
శనివారం, పద్దెనిమిదో తారీఖు

చిన్నదానా,

బానపొట్ట అడుగు గుండ్రం. పొట్టి పూలకైతే నిలుస్తుంది, పొడుగు కాడలకి తల బరువెక్కి తిరగబడుతుంది. నీళ్లు పొయ్యకముందు అడుగున మూడు దోసిళ్ల ఇసుక పొయ్యాలి. తడి ఇసుక. ఆ ముక్క రాయించలేదు.

మర్చిపోలేదు. రాయించలేదు.

ఇది ఇరవైలోపు అందాలి. పోస్టాఫీసుదాకా దర్జీని పరుగెత్తించాను. ఎవరిదో పెళ్లి జాకెట్టు మధ్యలో వదిలేసి వెళ్లాడు.

ఇసుక పొయ్యి.


హోటల్, పూలగది
ఇరవై మూడో తారీఖు

అక్కయ్యకి,

నీ ఇసుక ఉత్తరం ఇరవై ఒకటో తారీఖున అందింది. ఒక రోజు ఆలస్యం.

బానపొట్ట తిరగబడలేదు. దాంట్లో ఇసుక నేను పోశాను. నువ్వు పొడుగు కాడలు పెట్టే రోజున "బయటికెళ్లి కాసిని ఆకులు కోసుకురా" అని నన్ను పంపేసేదానివి. వెనక్కి తిరిగి చూడననుకునేదానివి. కిటికీ ఉంది కదక్కయ్యా. పదిహేనేళ్లుగా చూస్తున్నాను, నువ్వు చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని తోటలోంచి ఇసుక దోసిళ్లతో తెచ్చి పొయ్యడం. నాకు నువ్వు చెప్పని విద్య అదొక్కటే. నువ్వు దాచుకున్నావని తెలియనిదానిలాగే ఉండిపోయాను, నీ పెద్దరికం నీకుండాలని.

అందుకే మొన్న నీ ఉత్తరంలో ఇసుక మాట లేకపోతే, మొదట పాత అలవాటే అనుకున్నాను. తర్వాత మళ్లీ చదివాను. కాడలు కొయ్యకు అని రాశావు. బానపొట్ట తిరగబడాలనే అలా రాయించావని అప్పుడు అర్థమయింది.

ఇంకొక సంగతి. ఇప్పుడు చెప్పేస్తాను.

బీరువా జరిపిన రోజు వెనక చెక్క ఊడింది. లోపల నీ పనిగుడ్డలో చుట్టిన మూట ఒకటి కనిపించింది. విప్పాను. పట్టపురాణి ఏడు ముక్కలుగా ఉంది. ముక్కల మధ్యన ఎండిన కాడలు ఉన్నాయి, గుడ్డ తడిసి ఆరి అట్టకట్టి ఉంది. అంటే నిండు కూజా. నిండు కూజాని ఎత్తుకుని నడిచావు నువ్వు. నా నెత్తి మీద మొట్టి నేర్పిన పాఠాన్ని నువ్వే తప్పావు. పడి, తుంటి విరిగి కూడా, మనుషులు వచ్చేలోపు ముక్కలేరి, ఈడ్చుకుంటూ వెళ్లి తాళం వేశావు. ఎలా వెళ్లావో నీకే తెలియాలి. ఆ తర్వాత నేల తడిగా ఉందని నా పేరు చెప్పావు.

చెక్క నేనే మేకులు కొట్టి బిగించాను. ఎవరూ చూడలేదు. తాళంచెవి అడిగింది కూజా కోసం కాదు. నువ్వే చెప్తావేమోనని.

నాదీ ఒకటి చెప్పాలి. ఆ ముక్కలు చూడగానే నాకు ఏడుపు రాలేదు. హాయిగా అనిపించింది. ఆ కూజా మీద చెయ్యి వేయనివ్వకుండా నువ్వు నన్ను తోసేసినప్పుడల్లా అది పగిలిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో! నీకొక్కదానికే కాదు, మండే కడుపు నాకూ ఉంది. నేను నాలుగు తరగతులు చదివాను కాబట్టి కాస్త నెమ్మదిగా మండుతుంది.

యజమానురాలు గారు వచ్చారు. లిల్లీల ముందు చాలాసేపు నిలబడ్డారు. "నల్ల కూజా ఏది?" అన్నారు. తాళంచెవి మా అక్కయ్య దగ్గర ఉందన్నాను. "ఇది కూడా పెద్దావిడ చేతిపనిలాగే ఉందే" అన్నారు. "ఆవిడ ఉత్తరంలో చెప్పినట్టే పెట్టానమ్మా" అన్నాను. అబద్ధం కాదు కదా.

బల్ల నాకిద్దామనే ఉంది ఆవిడకి. మేనేజరు గారే పక్కకి పిలిచి తడి నేల సంగతి చెవిలో వేశారు. నెలాఖరుకి చెప్తామన్నారు.

నేను ఆయనకి ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. అది చెప్పాల్సింది నేను కాదు.

నీ చిన్నది


కూతురి ఇల్లు, మూడో అంతస్తు
ఇరవై ఆరో తారీఖు

చిన్నదానా,

నీ ఉత్తరం దర్జీ చదువుతుంటే మధ్యలో ఆపమన్నాను. మళ్లీ మొదటినుంచీ చదవమన్నాను. మూడోసారి "ఇక చదవలేనమ్మా" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మగాడివి, నీకెందుకయ్యా అన్నాను. నాకూ ఒక అన్న ఉన్నాడమ్మా అన్నాడు.

కిటికీ సంగతి నాకు తట్టనే లేదు. పదిహేనేళ్లు! దొంగమొహమా.

ఆ రోజు ఏం జరిగిందో విను. పొద్దున్నే నువ్వు గది తాళాలిచ్చే బల్ల మీద మంచినీళ్ల గ్లాసులో అయిదంటే అయిదు పూలు పెట్టావు. గుర్తుందా? మిగిలిపోయిన పూలు. పెట్టెతో వచ్చిన ఒక ఆడమనిషి ఆ గ్లాసు ముందు మోకాళ్లు వంచి, మొహం పూలకి సమానంగా పెట్టి చూసింది. ముప్ఫై ఏళ్లలో నా పూలకి ఎవరూ మోకాళ్లు వంచలేదే. తలెత్తి చూశారు, ఆహా అన్నారు, వెళ్లిపోయారు. వంగి చూడలేదు. ఆవిడ లిఫ్టు ఎక్కేలోపు నా పెద్దబల్ల సిద్ధం కావాలి, ఆవిడ తల నా వైపు తిరగాలి, అంతే నాకు కావలసింది. పూలగదిలోనే నీళ్లు నింపి, పూలు పెట్టేసి, పట్టపురాణిని గుండెకి ఆనించుకుని పరుగెత్తాను. నిండు కూజా బరువు ముందుకి లాగింది. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు, లిఫ్టు తలుపు మూసుకుంది, హాల్లో ఇంకో మనిషి లేడు.

ఇది నేను నా కూతురికి కూడా చెప్పలేదు.

ఈ కవర్లో రెండు వస్తాయి. ఒకటి తాళంచెవి. నడుము దగ్గర అది ఉన్నచోట కాయ కాసింది, చూస్తే నవ్వుతావు. రెండోది మేనేజరుకి ఇవ్వాల్సిన కాగితం. నువ్వెలాగూ చదవకుండా ఇవ్వవు కాబట్టి ఏం రాయించానో ఇక్కడే చెప్తున్నాను:

"మేనేజరు గారికి. ఆ రోజు నేల తడిగా లేదు. నేను పడ్డాకే తడిసింది. నల్ల కూజా పగలగొట్టింది నేను, దాచింది నేను, నా తోడికోడలి మీద నింద వేసింది నేను. దానికి ఈ మూడింటిలో దేనితోనూ సంబంధం లేదు. గుండ్రబల్ల దానికివ్వండి. బయట పూలకొట్టువాళ్లకి ఇచ్చారంటే ఊతకర్రతో వచ్చి మీ ముందే కూర్చుంటాను, పూలు ఎలా పెట్టకూడదో మీకు చెప్తూ."

ఆఖరి ముక్క వద్దన్నాడు దర్జీ. ఉంచమన్నాను. సంతకం రాదు కాబట్టి బొటనవేలు వేశాను. దర్జీ దగ్గర ముద్ర సిరా లేకపోతే కొలతల పుస్తకంలో రాసుకునే కలం విప్పి వేలికి రాశాడు. ఎంత రుద్దినా పోలేదు. అన్నం కలుపుకునేటప్పుడు కనిపిస్తోంది.

నేనిక రాను. ఊతకర్రతో ఒక చెయ్యి పోతుంది, ఒంటిచేత్తో కూజా ఎత్తడం నా వల్ల కాదు. పట్టపురాణి ముక్కలు పారెయ్యకు. అతికించకు కూడా. అతుకులేసి బల్ల మీద పెట్టావంటే ఊరుకోను. పెద్ద ముక్కలు రెండు బానపొట్ట అడుగున వెయ్యి, ఇసుక కన్నా బాగా పట్టి ఉంచుతాయి. ఇది ఎవరూ చెప్పని విద్య. ఇప్పుడే తట్టింది. ఆకులు కోసుకురమ్మని పంపడానికి ఇక్కడ నువ్వు లేవు, అందుకని చెప్తున్నాను.

నిన్న దర్జీ దగ్గర గుండీల డబ్బా ఖాళీ అయితే అడిగి తెచ్చుకున్నాను. అమ్మాయి తెచ్చిన పూలు దాంట్లో పెట్టాను. పువ్వుని ముందు చేతిలోకి తీసుకుని, చూసి, తర్వాత డబ్బా. బాగానే ఉంది. నీకు చెప్పకూడదనుకున్నాను.

నీ పూలు బాగున్నాయని ఎవరైనా అంటే నాకు రాయకు. కాదు, రాయి. ఎవరన్నారో, ఎంతసేపు నిలబడ్డారో, మోకాళ్లు వంచారో లేదో, అంతా రాయి. నా కడుపు మండితే మండనీ, అది నా కడుపు.

కానీ ఏ కూజాలో పెట్టావో అది మాత్రం ముందు రాయి.

అక్కయ్య